వేపచెట్టు ఎటువైపు?

ఆ ఫొటో అరచేతిలో ఇమిడిపోతుంది. మూడున్నర అంగుళాల ఎత్తు, అయిదంగుళాల వెడల్పు. మూలలు మెత్తబడి గుండ్రంగా అరిగిపోయాయి. అందులో ఒక గుడి, ఒక వేపచెట్టు, నాలుగైదు మిద్దెలు, వాటి వెనక సన్నటి గీతలా నది, ఆ పైన కొండలు. మనుషులెవరూ లేరు. ఇప్పుడు ఆ ఊరూ లేదు. శ్రీశైలం జలాశయం అడుగున ఉంది.

కర్నూలులో ఓ ఇంటి ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతల మధ్య ఆ ఫొటో నలభై ఏళ్లకు పైగా ఉంది. ఏడాదికి రెండుమూడుసార్లు బయటికి వచ్చేది. సంక్రాంతికి చుట్టాలు చేరినప్పుడు, ఏ పెళ్లిలోనో పాత సంగతులు దొర్లినప్పుడు చేతులు మారేది. అందరూ చూసి నిట్టూర్చేవారు. ఇంటి పెద్దావిడ మాత్రం ప్రతిసారీ ఒకటే మాట అనేది.

"ఇది మన ఊరు మాదిరి లేదు."

ఎవరూ పట్టించుకోలేదు. మొదట్లో దుఃఖం అనుకున్నారు. తరవాత చాదస్తం అనుకున్నారు. ఎనభై దాటాక మతిమరుపు అనేశారు.

ఆ ఫొటోను చూసి పేస్టల్స్‌తో బొమ్మ వేయాలని ఆ పెద్దావిడ కూతురికి అనిపించకపోతే ఆ మాట అక్కడే ఉండిపోయేది.

కూతురికి పేరు ప్రచురించడం ఇష్టం లేదు. "మా ఊరి వాళ్లు గుర్తుపడితే చాలు" అంటారు. పుట్టింది నందికొట్కూరు తాలూకాలో, కృష్ణ ఒడ్డున. 1981లో ఆమెకు పన్నెండేళ్లు. శ్రీశైలం ప్రాజెక్టు కోసం కృష్ణా తీరంలో వందకు పైగా ఊళ్లు ఖాళీ చేయించారు. కూడవెల్లిలోని సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురం తీసుకెళ్లి మళ్లీ కట్టారు. ఊళ్లకు ఆ భాగ్యం లేదు. ఆమె నాయన దూలాలు, తలుపులు, ద్వారబంధం ఊడదీసుకుని లారీకెక్కించాడు. మద్రాసులో రైల్వే ఉద్యోగం చేసే మేనమామ చూడవచ్చాడు. అతని మెడలో కెమెరా ఉంది. ఊళ్లో రంగుల ఫొటో తీయడం అదే మొదలు, అదే ఆఖరు. రీలులో మూడు బొమ్మలు ఊరివి. రెండు మసకబారిపోయాయి. మిగిలింది ఇదొక్కటే.

తరవాత చదువు, టెలిఫోన్ శాఖలో ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. 2020 జనవరిలో బీఎస్ఎన్ఎల్‌లో వేలమందితో పాటు ఆమె కూడా స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. రెండు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చింది. ఇంట్లో కూర్చుని అలమరలు సర్దుతుంటే కొడుకు చిన్నప్పటి స్కూలు సంచిలో సగం విరిగిన రంగుల ముక్కల డబ్బా ఒకటి దొరికింది. అక్కడ మొదలైంది.

పన్నీరు కాదు, సుద్దముక్క

మన ఇళ్లలో పేస్టల్స్ అంటే పిల్లలు వాడే నూనె రంగు కడ్డీలే. వాటిని 1925లో జపాన్‌లో సకురా అనే కంపెనీ తయారుచేసింది. జిడ్డుగా ఉంటాయి, వేలికి అంటుకుంటాయి. అసలు పేస్టల్ అది కాదు. రంగుపొడి, సుద్ద, కాస్త బంక కలిపి ముద్దచేసి కడ్డీలుగా ఆరబెట్టినది. పలకమీద రాసే సుద్దముక్కకు దగ్గరి చుట్టం. బంక ఎంత తక్కువైతే రంగు అంత మెత్తగా రాలుతుంది. అందుకే దాన్ని సాఫ్ట్ పేస్టల్ అంటారు. రెండు మూడు వందల ఏళ్ల కిందట యూరప్‌లో రాజులూ రాణులూ దీనితోనే బొమ్మలు వేయించుకునేవారు. వెనిస్‌కు చెందిన రోసాల్బా కారియెరా అనే ఆమెకు దీనివల్లే ఖండమంతా పేరొచ్చింది. లా టూర్ వేసిన మదామ్ పొంపడూర్ నిలువెత్తు పేస్టల్ చిత్రం ఇప్పటికీ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ముఖం మీది చర్మపు నునుపు దీనికి దొరికినట్టు తైలవర్ణానికి దొరకదంటారు. కొండలు, చెట్లు, మబ్బులు పేస్టల్‌లోకి అంత జోరుగా వచ్చింది తరవాతే.

దీనితో పెద్ద చిక్కు ఒకటుంది. రంగులు పళ్లెంలో కలుపుకునే వీలు లేదు. నీళ్లరంగులైతే నీలంలో పసుపు కలిపితే పచ్చ అవుతుంది. ఇక్కడ ఏది కలిపినా కాగితం మీదే కలపాలి. ఒక గీత మీద ఇంకో గీత పడాలి, కింది రంగు సందుల్లోంచి కనపడాలి. ఎక్కువ రుద్దితే అంతా బూడిదరంగు బురద. అందుకే పేరున్న కంపెనీలు వందల రంగుల పెట్టెలు అమ్ముతాయి. వాటి ధర చూసి ఆమె ఆ పేజీ మూసేశారు. క్యామెల్ పెట్టె ఒకటి కొని, లేని రంగులకు విడిగా నాలుగైదు కడ్డీలు తెప్పించుకున్నారు.

రెండో చిక్కు కాగితం. నున్నటి డ్రాయింగ్ షీటు మీద పొడి నిలవదు. గరుకు ఉండాలి. ఆ గరుకు సందుల్లో పొడి ఇరుక్కుంటేనే బొమ్మ. వెనకటి వీధిలో ఉండే పాత డ్రాయింగ్ మాస్టారు ఒకాయన ఉపాయం చెప్పాడు. హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి, ఇనుప కిటికీలకు రంగు వేసేముందు రుద్దే వాటర్ పేపర్ తెచ్చుకోమన్నాడు. నల్లటి ఆ కాగితం మీద ఏ రంగు పెట్టినా దీపంలా వెలుగుతుంది. నెలరోజులు ఆమె దానిమీదే చేయి తిప్పుకున్నారు. వేళ్ల కొసలు అరిగి, గ్యాసుపొయ్యి దగ్గర వేడి గిన్నె ముట్టుకుంటే మంటపుట్టేదట.

మూడో చిక్కు, ఈ రంగు ఎప్పటికీ ఆరదు. తడి లేదు కాబట్టి ఆరడమూ లేదు. ఇవాళ వేసినది పదేళ్ల తరవాత వేలు పెట్టినా చెదురుతుంది. ఫిక్సేటివ్ అనే ద్రావకం చల్లొచ్చు గానీ, చల్లితే వెలుగంతా చచ్చి రంగులు ఒక మెట్టు నల్లబడతాయి. అందుకే అద్దం వేయాలి, అద్దానికీ బొమ్మకూ మధ్య ఖాళీ వదలాలి. రాలిన పొడిని నోటితో ఊదకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బోర్డును బయటికి తీసుకెళ్లి వెనకనుంచి తట్టాలి. కరోనా రోజుల మాస్కులు ఆ ఇంట్లో అలా ఇంకొంత కాలం పనికొచ్చాయి.

ఫొటో చెప్పే అబద్ధాలు

ఫొటో చూసి బొమ్మ వేయడాన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఉన్నారు. కొండముందు కూర్చుని వేస్తేనే చిత్రకారుడు, ఫొటో చూసి వేస్తే కాపీరాయుడు అనేస్తారు. ఆ లెక్కన ఫ్రెంచి చిత్రకారుడు దెగా కూడా తప్పుచేసినవాడే. 1892లో ప్యారిస్‌లో ఆయన ప్రదర్శించిన ప్రకృతి దృశ్యాలు ఆరుబయట కూర్చుని వేసినవి కావు. గదిలో కూర్చుని, జ్ఞాపకంలోంచి తీసి, ముద్రించిన రంగు మీద పేస్టల్ దిద్ది వేసినవి. అయినా నీళ్లడుగున ఉన్న ఊరి ముందు ఎవరు మాత్రం ఎక్కడ కూర్చుంటారు?

మాస్టారికి ఈ పట్టింపు లేదు. ఆయన చెప్పింది వేరు. "ఫొటోను సాక్షిగా తీసుకో. జడ్జిగా తీసుకోకు" అన్నాడు. కన్ను నీడలోనూ రంగులు చూస్తుంది. కెమెరా నీడను నల్లగా చేసేస్తుంది. కన్ను మబ్బులో గులాబీ ఛాయ పట్టుకుంటుంది. కెమెరా నేలను సరిగా చూపించాలంటే ఆకాశాన్ని తెల్లకాగితం చేసి వదిలేస్తుంది. దూరపు కొండ కంటికి ఎంత పెద్దదిగా అనిపిస్తుందో ఫొటోలో అంత చిన్నదైపోతుంది. తిరుమల ఘాట్‌లో కొండను ఫోన్‌తో తీసి ఇంటికొచ్చి చూసుకుని ఉసూరుమన్న ప్రతివాళ్లకూ ఈ సంగతి తెలుసు.

ఇక ఆమె దగ్గరున్న ఫొటోకు ఇంకో జబ్బు ఉంది. అది ఎర్రబారిపోయింది. ఆకాశం లేత గులాబీ, నది వంగపువ్వు రంగు, ఊరంతా ఇటుకపొడి చల్లినట్టు. ఆ కాలపు రంగుల ప్రింటులో మూడు రంగుల పొరలుంటాయి. ఒకటి పచ్చదనం కలిసిన నీలం, రెండోది మెజెంటా, మూడోది పసుపు. చీకటి పెట్టెలో ఎంత జాగ్రత్తగా దాచినా నీలిపొరే ముందు వెలిసిపోతుంది. మిగిలిన రెండూ కలిసి బొమ్మను ఎర్రగా చేస్తాయి. ఎనభైల నాటి పెళ్లి ఆల్బమ్ ఏ ఇంట్లో తీసి చూసినా పెళ్లికొడుకు ముఖం జేవురించి ఉండడానికి కారణం ఇదే. ఆయన కోపం కాదు.

చిత్రమేమిటంటే, ఆమె జ్ఞాపకంలో కూడా ఊరు ఎర్రగానే ఉంది. "మాది ఎర్రనేల" అని పిల్లలకు చెబుతూ వచ్చారు. తల్లి విని ముఖం చిట్లించింది.

"ఎర్రనేల యాడిది పాపా? నల్లరేగడి. వాన పడితే కాలు తీస్తే చెప్పు రాదు. మీ నాయన జొన్న ఏసేది దాంట్లోనే గదా."

అప్పటినుంచి బొమ్మకు తల్లే రంగుల పెట్టె అయింది. పెద్దావిడకు అంతకుముందు ఏడాదే కంటిలో శుక్లాలు తీశారు. శుక్లం ముదిరితే లోకమంతా పాతకాగితంలా పసుపుపచ్చగా కనిపిస్తుంది. తీసేశాక నీలం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. క్లాడ్ మోనే అంతటి చిత్రకారుడు 1923లో ఆపరేషన్ చేయించుకుని, రంగులు మారిపోయాయని ఎంత గొడవపడ్డాడో కళాచరిత్ర పుస్తకాల్లో ఉంది. ఈ పెద్దావిడ గొడవపడలేదు. కట్టు విప్పిన రోజు వాకిట్లోకి వచ్చి ఆకాశం చూసి "ఇంత నీలంగా ఉండాదా!" అని మాత్రం అందట.

మంచం పక్కన పీట వేసుకుని కూతురు ఒక్కో కడ్డీ చూపించేవారు. గుడిగోడ ఇదా? కాదు, సున్నం. సున్నమంటే తెల్లగా కాదు, నీలిమందు వేసిన సున్నం. మిద్దెల పైన చౌడుమట్టి. కొత్తగా పరిచినప్పుడు తెల్లగా, వానాకాలం పోయాక బూడిదగా ఉంటుంది. గవాచి మీద మూతపెట్టిన నాపరాయి ఇంకో రకం బూడిద. అరుగు అంచుకు ఎర్రమట్టి పట్టీ. ఒక్క ఆ పట్టీ మాత్రమే ఎరుపు. పొద్దున తిన్నదేమిటో మధ్యాహ్నానికి మరిచిపోయే మనిషి, నలభై ఏళ్ల కిందటి గోడ ఛాయను అయిదారు తెలుపుల్లోంచి వేలుపెట్టి చూపించేది.

రంగుల విషయంలో కూతురు మారుమాట్లాడలేదు. పేచీ వచ్చింది రెండు చోట్ల. ఒకటి, వేపచెట్టు గుడికి తూర్పున ఉండేదని తల్లి అంటుంది. ఫొటో ఊరి మీదుగా ఉత్తరంగా నది వైపు చూస్తూ తీసింది. కాబట్టి తూర్పు అంటే కుడిచేయి. ఫొటోలో చెట్టు గుడికి ఎడమవైపు ఉంది. రెండోది, మేనమామ పొద్దున్నే ఫొటో తీశాడని తల్లి పట్టు. "నేను పాలు కాచి ఇచ్చినంక కదా బయటికి పోయె!" ఫొటోలో నీడలు కుడిపక్కకు పడుతున్నాయి. అంటే ఎండ ఎడమనుంచి, పడమటినుంచి వస్తోంది. సాయంత్రం అన్నమాట.

రంగులు వెలిసిపోతాయి గానీ చెట్టు పక్కకు జరగదు కదా! కూతురు తల్లికి ఎదురుచెప్పలేదు. అట్లాగేలే అమ్మా అని, ఫొటోలో ఉన్నట్టే వేశారు.

అలమర అద్దంలో

ఫొటోను స్కాన్ చేయించి పెద్దది చేసి, మీద గళ్లు గీసి, అన్నే గళ్లు పెద్ద షీటు మీద గీసి బొమ్మను దించుకున్నారు. సినిమా బ్యానర్లు వేసే ఆర్టిస్టులు ఒకప్పుడు చేసిన పనే ఇది. ముందు ముదురు రంగులు, తరవాత లేత రంగులు. పేస్టల్‌లో వెలుగు ఆఖరున వస్తుంది. సాయంత్రపు ఎండ కదా అని కింద లేత వంగరంగు పరిచి, పైన బంగారు పసుపు, నారింజ దిద్దారు. రెండు నెలలు పట్టింది. మాస్టారు వచ్చి చూసి మెచ్చుకున్నాడు. కొండలు వెనక్కి పోయాయి, గుడి ముందుకొచ్చింది, బాగుంది అన్నాడు. పిల్లలు వాట్సాప్‌లో చుట్టాలందరికీ పంపించారు.

తల్లిని చేయి పట్టుకుని తెచ్చి బొమ్మముందు నిలబెట్టారు. పెద్దావిడ చాలాసేపు చూసింది.

"శానా బాగుంది. ఎవురి ఊరు పాపా?"

ఆ రాత్రి కూతురికి నిద్రపట్టలేదు. బొమ్మ బాగా రాలేదన్న బాధ కాదది. ఈ ఊరిని గుర్తుపట్టగలిగిన ఆఖరి మనిషి కూడా మరిచిపోయిందనుకున్నారు. డాక్టరు ముందే చెప్పాడు, కొత్తవి ముందు పోతాయి, పాతవి తరవాత పోతాయని. తరవాత అన్నది వచ్చేసిందనుకున్నారు. ఇంకా ముందే ఈ పని మొదలుపెట్టి ఉండాల్సిందని తనను తాను తిట్టుకున్నారు.

నాలుగైదు రోజులు బొమ్మకు బట్ట కప్పి ఉంచేశారు. తరవాత గుడి శిఖరం ఒకవైపు ఒరిగినట్టు అనుమానం వచ్చింది. ఇలాంటప్పుడు చేయమని మాస్టారు చెప్పిన చిట్కా ఒకటుంది. బొమ్మను అద్దంలో చూడాలి. రోజూ చూసి చూసి కంటికి అలవాటైన తప్పు, కుడి ఎడమలు తారుమారు కాగానే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ముగ్గువేసేవాళ్లు వాకిలి అవతలికి వెళ్లి వెనుదిరిగి చూసుకున్నట్టే.

పడకగదిలో అలమరకు నిలువుటద్దం ఉంది. బోర్డును మంచం మీద నిలబెట్టి, అద్దంలోకి చూస్తూ శిఖరం సంగతి తేల్చుకుంటున్నారు. వెనక కుర్చీలో ఒత్తులు చేసుకుంటున్న తల్లి చేయి ఆగిపోయింది.

"ఆఁ... ఇట్ల. ఇట్ల ఉండె."

లేచి అద్దం దగ్గరికి నడిచింది. బొమ్మ వైపు తిరగలేదు. అద్దం మీదే వేలు పెట్టింది. ఇది గుడి. ఇది మన వేపచెట్టు. ఈ మిద్దె కరణం వాళ్లది, ఇది కుమ్మరాయనది. దీని ఎనక సందు, సందులో రోలు. ఇట్ల తిరిగితే మన ఇల్లు, ఫొటోలో పడలా. ఏటికి పోయే దావ ఇది. ఎండాకాలం పొద్దున్నే కడవలెత్తుకుని పోతే ఎండ ఈ చెంప మీద పడుతుండె... అంటూ కుడిచెంప తడుముకుంది.

కూతురు మాట్లాడలేదు. అద్దంలో చెట్టు కుడివైపు ఉంది. అంటే తూర్పున. నీడలు ఎడమకు పడుతున్నాయి. అంటే ఎండ తూర్పునుంచి. పొద్దున్నే. రెండు పేచీలూ ఒక్క దెబ్బకు తీరిపోయాయి.

ఫిల్ము నెగెటివ్‌కు ఒకవైపు మెరుపు ఉంటుంది, రెండోవైపు మసకగా ఉంటుంది. ప్రింటు వేసే మనిషి దాన్ని తిరగేసి పెడితే కుడి ఎడమ, ఎడమ కుడి అయిపోతాయి. బొమ్మలో రాతలు, బండి నంబర్లు ఉంటే వెంటనే తెలిసిపోతుంది. చొక్కా గుండీలున్నా పట్టుకోవచ్చు. గుడి, చెట్టు, కొండ ఉంటే ఎవరికి తెలుస్తుంది? అక్కడ కాపురం చేసినవాళ్లకు తప్ప!

మతిమరుపు అని ఇంటిల్లిపాదీ నవ్వుకున్న మాట నాలుగు దశాబ్దాలుగా నిజం చెబుతూనే ఉంది.

అయినా టెలిఫోన్ శాఖలో పనిచేసిన మనిషి, లైను పరీక్షించకుండా వదలరు. నిరుడు వేసవిలో జలాశయం అడుగంటినప్పుడు అన్నకొడుకును పంపించారు. శ్రీశైలం పూర్తిమట్టం 885 అడుగులు. ఎండాకాలం నీళ్లు దిగిపోతే ఏడు నదులు కలిసే చోటని చెప్పే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. జనం దర్శనానికి పోతారు. మునిగిన ఊళ్ల దిబ్బలు కూడా అక్కడక్కడా తేలతాయి. గోడలుండవు. ఒండ్రుమట్టి పగుళ్లలో కుండపెంకులు, రోళ్లు, చెట్ల మొదళ్లు ఉంటాయి. ఆ అబ్బాయి ఒక పశువుల కాపరిని వెంటబెట్టుకుని దిబ్బ ఎక్కి, ఉత్తరంగా ఫోన్ తిప్పి ఏడెనిమిది ఫొటోలు తీశాడు. ఊరు లేదు, గుడి లేదు, చెట్టు లేదు. అవతలి ఒడ్డున పాలమూరు వైపు కొండలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. వాటి మధ్య ఎద్దు మూపురం పక్కన పల్లంలా ఒక చోట వంపు ఉంది. పాత ఫొటోలో ఆ వంపు ఎడమవైపు. ఫోన్‌లో కుడివైపు.

ఆ ఫొటోలు చూశాక ఆమెను ఒక సంగతి కలవరపెట్టింది. ఇప్పటికీ కలవరపెడుతూనే ఉంది. ఊరు వదిలేనాటికి ఆమెకు పన్నెండేళ్లు. పసిపిల్లేం కాదు. ఆ వేపచెట్టు కింద తొక్కుడుబిళ్ల ఆడారు. మరి చెట్టు ఎడమవైపు ఉండేదని ఆమెకు కూడా అంత గట్టిగా ఎందుకు గుర్తుంది? ఊరు ఎర్రగా ఉండేదని ఎందుకు గుర్తుంది? ఆలోచిస్తే అర్థమైందామెకు. తనకు గుర్తున్నది ఊరు కాదు, ఫొటో. ఏటా చూసి చూసి, కళ్లారా చూసినదాన్ని ఆ అయిదంగుళాల కాగితం తుడిచిపెట్టేసింది. తల్లి ఫొటోను నమ్మలేదు, అందుకే ఆమెకు ఊరు మిగిలింది.

రెండో బొమ్మ మొదలుపెట్టారు. మొదటిదాన్ని అద్దంలోలా తిప్పి గీసేస్తే సరిపోతుందనుకుంటే పొరపాటు. పొద్దుటి ఎండ సాయంత్రపు ఎండ కాదు. నారింజ రంగు కడ్డీలు డబ్బాలోకి వెళ్లిపోయాయి. ఏటి మీద పొద్దుటిపూట తేమ ఉంటుంది కాబట్టి అవతలి కొండలు పల్చటి నీలిబూడిదలోకి జారాయి. కొండల ఆకారం అన్నకొడుకు ఫొటోలోంచి తీసుకున్నారు. పాత దాంట్లో అవి ఒట్టి మరకలు. అయితే ఆ అబ్బాయి ఫొటోలు తీసింది మిట్టమధ్యాహ్నం. రెండు ఫొటోలు కలిపి వేసేటప్పుడు కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. ముందు గుడిమీద పొద్దుటి ఎండ, వెనక కొండమీద మధ్యాహ్నపు ఎండ పడితే చూసేవాళ్లకు ఏదో తేడా అనిపిస్తుంది, ఏమిటో చెప్పలేరు. అందుకని గీత మాత్రం ఫోన్‌లోంచి తీసుకుని, వెలుగు సొంతంగా పెట్టుకున్నారు. దానికోసం వారంరోజులు తెల్లారకముందే లేచి, తుంగభద్ర ఒడ్డుకు వెళ్లి, ఆరున్నరకు సున్నం గోడ నీడలో ఏ రంగు ఉంటుందో చూసి వచ్చారు. నల్లగా ఉండదు. బూడిదగానూ ఉండదు. లేత నీలంలో కొంచెం కనకాంబరం ఛాయ ఉంటుందట.

ఈసారి తల్లి అడగకముందే బొమ్మ దగ్గరికి వచ్చి కూర్చునేది. ముట్టుకోవద్దంటే చేతులు కొంగులో చుట్టుకునేది.

బొమ్మ పూర్తయ్యాక ఇంకో తంటా మొదలైంది. ఆ పాత ఫొటోకు కొన్నేళ్ల కిందట అన్న పాతిక కాపీలు తీయించి, ఊరివాళ్లందరికీ పంచాడు. కర్నూలులో, ఆత్మకూరులో, హైదరాబాదులో, ఒకటి అమెరికాలోనూ, దేవుడి పటాల పక్కన ఆ ఊరు తిరగబడే వేలాడుతోంది. కుడి ఎడమలు సరిచేసిన ప్రింట్లు పంపుతాం, మార్చుకోండని ఆమె ఫోన్లు చేశారు. కొందరు సరేనన్నారు. పిన్నికూతురు ఒకామె మాత్రం ససేమిరా అంది. "ఇన్నేండ్లూ దీనికే దండం పెట్టుకుంటిమి గదక్కా. ఇప్పుడు చెట్టును అటు జరిపితే మాకు కొత్తూరైపోతాది" అంది. దానికి ఏం జవాబు చెప్పాలో ఆమెకు తోచలేదు.

కొత్త బొమ్మకు అద్దం బిగించి హాల్లో తగిలించారు. అద్దానికీ కాగితానికీ మధ్య పావంగుళం ఖాళీ వదిలించారు. పెద్దావిడ పొద్దున కాఫీ తాగుతూ దాని ఎదురుగా కూర్చుంటుంది. కొన్నిరోజులు ఆ ఇళ్లవాళ్ల పేర్లన్నీ గుక్కతిప్పుకోకుండా చెబుతుంది. కొన్నిరోజులు ఏమీ మాట్లాడదు. కిందటి వారం గుడి ముందరి ఖాళీ జాగా చూపించి, "ఈడ మన బర్రెను కట్టేస్తుంటిమి. అదేది?" అంది.

ఫొటోలో బర్రె లేదు. అప్పటికే అమ్మేసి ఉంటారు. కానీ తల్లి ఉందంటోంది. ఫ్రేము విప్పించాలి, లేత రంగు మీద నలుపు నిలవాలంటే అక్కడ పొడిని బ్రష్‌తో దులిపి మళ్లీ పరుచుకురావాలి. ఫ్రేము కట్టే అతను బుధవారం వస్తానన్నాడు. ఈలోపు కొమ్ములు ఎటు వంగి ఉండేవో తల్లిని అడిగి పెట్టుకోవాలి.